పంక్తిలో ముందెవరు?



ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మా రాయవరంలోనైనా, పక్కనున్న పసలపూడిలోనైనా, సోమేశ్వరంలోనైనా, వెదురుపాకలోనైనా ఏ అరుగు మీద విన్నా ఒకటే మాట: పిల్లల్ని ఎక్కడ చేర్పిద్దాం? రామచంద్రపురమా, రాజమండ్రా, కాకినాడా? ర్యాంకు ఎంతొచ్చింది, ఫీజు ఎంత, బస్సు సదుపాయం ఉందా, ఇవన్నీ అయ్యాక గొంతు కాస్త తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తారు: అక్కడ మనవాళ్ల హాస్టల్ ఉందా? ఆ ప్రశ్న వేసేవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదండి. ఒకప్పుడు అలాంటి హాస్టళ్లే లేకపోతే పల్లెటూరి పిల్లలు చాలామందికి పట్నం చదువు అందేదే కాదు. కానీ ఈ రోజుకీ ఆ ప్రశ్న పోలేదంటే, కాలేజీ అందరిదీ అన్న నమ్మకం మనకింకా కుదరలేదన్నమాట.

కాలేజీల కరపత్రాల్లో మాత్రం కుల, మత, లింగ భేదాలు మా దగ్గర లేవని పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది. ఆ మాట ఎప్పుడు నిజమవుతుంది? ఈ ప్రశ్న మన తెలుగు నేలకు కొత్తది కాదు. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట కృష్ణా ఒడ్డున బౌద్ధులు నడిపిన పెద్ద చదువుల చోట కూడా ఇదే ప్రశ్న ఉంది. వాళ్లు కొంత బాగా జవాబు చెప్పారు. కొంత చెప్పలేకపోయారు. ఆ రెండూ మనకు పనికొచ్చేవే.

బౌద్ధం అనగానే అదేదో మనకు దూరపు విషయం అనుకోనక్కర్లేదు. గౌతమి దాటి, అమలాపురం మీదుగా వైనతేయ పాయ ఒడ్డుకు వెళితే మామిడికుదురు మండలంలో ఆదుర్రు ఉంది. అక్కడ ఇటుకలతో కట్టిన పాత స్తూపం ఉంది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళానికి వెళుతూ అక్కడ ఆగిందని ఊళ్లో చెప్పుకుంటారు. అది చరిత్రో, ఊరి ముచ్చటో పండితులు తేల్చుకుంటారు. స్తూపం మాత్రం కళ్లెదుట ఉంది. కొబ్బరితోటల మధ్య ఆ ఇటుకలు చూస్తే, ఈ కాలువగట్ల మీదుగా ఒకప్పుడు భిక్షువులు నడిచారన్నది కట్టుకథలా అనిపించదు.

ఇక పెద్ద చదువుల సంగతికి వస్తాను. అది నాగార్జునకొండ. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. క్రీస్తుశకం మూడో శతాబ్దంలోనూ, నాలుగో శతాబ్దం మొదట్లోనూ ఆ లోయ వెలిగింది. 1926లో ఏ.ఆర్. సరస్వతి అనే పురావస్తుశాఖ ఉద్యోగి అక్కడి శిథిలాలను గుర్తించారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలుసు కనుక, ఆ లోపే పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ పేర్చారు. ఈ రోజు మనం లాంచీ ఎక్కి వెళ్లి చూసేది ఆ కొండనే. అసలు విశ్వవిద్యాలయం నీళ్ల అడుగున ఉంది.

ఆ లోయలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. అన్నీ ఒక్క మఠానివి కావు. అపరమహావినసేలీయులని ఒక శాఖ, బహుశ్రుతీయులని ఒక శాఖ, మహీశాసకులని ఒక శాఖ. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం వేరే సింహళ విహారం. ఒక విహారంలో బుద్ధుడి విగ్రహం పెట్టుకున్నారు. మరో విహారంలో విగ్రహం లేదు, స్తూపమే. కొన్నిట్లో రెండు మందిరాలూ ఎదురెదురుగా కట్టుకున్నారు. బుద్ధుణ్ని ఎలా తలుచుకోవాలన్న మూల విషయం మీదే అభిప్రాయభేదం ఉన్నవాళ్లు, నడిచి వెళ్లేంత దూరంలో ఒకరి పక్కన ఒకరు పాఠాలు చెప్పుకున్నారు.

దీనికి సాక్ష్యం ఒక మామూలు గృహస్థు స్త్రీ వేయించిన శాసనం. ఆమె పేరు బోధిసిరి. రాణి కాదు, ఉపాసిక. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఎవరి కోసం? తామ్రపర్ణి ఆచార్యుల కోసం, అంటే సింహళదేశం గురువుల కోసం. ఆ గురువులు ఏయే దేశాలవాళ్లకు ధర్మం చెప్పారో ఆ రాతి మీద వరుసగా ఉంది: కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాతం, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన, ద్రవిడ, పాలూరు, తామ్రపర్ణి ద్వీపం. మన కృష్ణా ఒడ్డున, మన ఇంటి ఆడమనిషి డబ్బుతో చెక్కిన రాయి మీద చీనా, గ్రీకు, తమిళ, బెంగాలు వాళ్లంతా ఒకే వాక్యంలో కూర్చున్నారు.

ఆ శాసనాన్ని ఇంకొంచెం దగ్గరగా చూడాలి. బోధిసిరి అక్కడితో ఆగలేదు. తన మిగతా దానాల పట్టిక కూడా వేయించింది. కులహ విహారంలో చైత్యగృహం. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం. ధమ్మగిరి మీద ఒక గది. దేవగిరి మీద ధ్యానం చేసుకోవడానికి శాల. పూర్వశైలంలో చెరువు, మండపం. కంటకసెలలో, అంటే కృష్ణా జిల్లా ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. ఇంకోచోట మూడు గదులు, మరోచోట ఏడు గదులు. ఒక్క శాఖకు కట్టుబడి ఇచ్చిన దానాలు కావివి. చదువుకునేవాడికి తల దాచుకునే గది, తాగడానికి నీళ్లు, కూర్చోవడానికి చోటు ఎక్కడ కావాలంటే అక్కడ ఇచ్చింది. చివర్లో పని చూసిన భిక్షువుల పేర్లు ఉన్నాయి. రాయి చెక్కిన శిల్పి విధికుడి పేరు కూడా ఉంది. ఈ రోజు కాలేజీ భవనం శిలాఫలకం మీద మంత్రి పేరు, ఛైర్మన్ పేరు ఉంటాయి. తాపీమేస్త్రి పేరు చూశారా ఎక్కడైనా?

రాజకుటుంబం సంగతి ఇంకా చిత్రం. ఆ వంశానికి మూలపురుషుడు శాంతమూలుడు వైదికుడు, అశ్వమేధం చేసినవాడు. ఆయన చెల్లెలు శాంతిసిరి బౌద్ధ మహాచైత్యం కట్టించింది. వీరపురుషదత్తుడి కూతురు కొడబలిసిరి వనవాసి రాజును పెళ్లాడి వెళ్లింది. అయినా పుట్టింటి ఊళ్లో మహీశాసకులకు విహారం కట్టించింది. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు చైత్యం కట్టింది. ఆ ఇల్లు దానివల్ల కూలిపోలేదు. వైవిధ్యం అంటే అంతేనండి: నీ దారి నాకు నచ్చకపోయినా, నీకు చోటు లేకుండా చేయకపోవడం.

అయితే ఇదంతా గోడలకు బయట కనిపించే సంగతి. గోడల లోపల పంక్తి ఎలా నడిచేది? ఎవరు ముందు కూర్చునేవారు, ఎవరికి ముందు వడ్డించేవారు? మన పెళ్లి పందిట్లో కూడా అసలు మర్యాద తేలేది విస్తరి దగ్గరే కదా.

బౌద్ధ సంఘ నియమాలు చెప్పే వినయ గ్రంథాల్లో దీనికి స్పష్టమైన కట్టడి ఉంది. సంఘంలో పెద్దరికం పుట్టుకతో రాదు, వయసుతో రాదు, రాజ్యంతో రాదు. దీక్ష ఎవరు ముందు తీసుకుంటే వాళ్లు పెద్ద. వెనక వచ్చినవాళ్లు వాళ్లకు నమస్కరించాలి, వాళ్ల తర్వాత కూర్చోవాలి. ఈ కట్టడి ఎంత పదునైనదో ఉపాలి కథ చెబుతుంది. శాక్య రాకుమారులు కొందరు దీక్షకు వచ్చారు. ఆనందుడు, అనురుద్ధుడు, దేవదత్తుడు వాళ్లలోవాళ్లే. వెంట క్షురకుడు ఉపాలి ఉన్నాడు. రాకుమారులే బుద్ధుణ్ని అడిగారు: మాకు శాక్యులమన్న గర్వం ఉంది, అతనికి ముందు దీక్ష ఇవ్వండి, అప్పుడు మేం అతనికి మొక్కాల్సి వస్తుంది అని. బుద్ధుడు అలాగే చేశాడు. ఆ ఉపాలే తర్వాత సంఘ నియమాల్లో అందరికన్నా పెద్ద పండితుడయ్యాడు. బుద్ధుడి నిర్యాణం తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, వినయం అంతా చెప్పింది ఆయనే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. ఆ రాకుమారులు మేం ఇకమీదట గర్వపడం అని ప్రమాణం చేయలేదు. తమ గర్వం తమకు తెలుసు. అందుకే మనసును నమ్ముకోకుండా నియమాన్ని అడిగారు. నా మాటంతా ఇదే: సమానత్వం మంచి మనసు మీద నిలబడదు, కట్టడి మీద నిలబడుతుంది. మంచి మనసు ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. పంక్తి వరుస మాత్రం రోజూ వేయాల్సిందే.

అలాంటి కట్టడులు ఇంకా ఉన్నాయి. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు బుద్ధుడి దగ్గరికి వచ్చి, రకరకాల జనం తమ తమ యాసల్లో మీ మాటను పాడు చేస్తున్నారు, ఛందస్సులో పెడతామన్నారు. బుద్ధుడు ఒప్పుకోలేదు. ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవచ్చని నియమం పెట్టాడు. ఇంగ్లిష్ రాక వెనక బెంచీలో నోరెత్తకుండా కూర్చునే మన పల్లెటూరి పిల్లలకు ఈ నియమం విలువ చెప్పనక్కర్లేదు.

మరో భిక్షువు విరేచనాలతో, తన మలంలోనే పడి ఉన్నాడు. తోటివాళ్లెవరూ పట్టించుకోలేదు. అతనివల్ల మాకేం ఉపకారం లేదన్నారు. బుద్ధుడు ఆనందుణ్ని నీళ్లు తెమ్మని, తానే అతణ్ని కడిగాడు. అంతటితో ఊరుకుంటే అది మంచి కథగా మిగిలేది. గురువుకు జబ్బుచేస్తే శిష్యుడు, శిష్యుడికి చేస్తే గురువు, ఎవరూ లేకపోతే సంఘమంతా చూసుకోవాలనీ, చూడకపోతే తప్పుకిందే లెక్క అనీ విధించాడు. దయ నియమంగా మారింది. చుల్లపంథకుడనే ఇంకో భిక్షువు కథ కూడా ఉంది. నాలుగు నెలల్లో ఒక్క శ్లోకం బట్టీ పట్టలేకపోయాడు. సొంత అన్నే వెళ్లిపొమ్మన్నాడు. బుద్ధుడు శ్లోకం మానిపించి చేతికి ఒక శుభ్రమైన గుడ్డ ఇచ్చాడు, రుద్దుతూ ఉండమన్నాడు. గుడ్డ మాసిపోవడం చూసి అతను గ్రహించాల్సింది గ్రహించాడు. అందరికీ ఒకే పరీక్ష పెట్టి, తప్పినవాణ్ని మొద్దు అనడం చదువు చెప్పడం కాదని ఆ కథ అంటుంది.

ఇంతవరకూ వింటే బౌద్ధ విహారం స్వర్గంలా ఉంటుంది. మిగతా సగం చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినట్టే.

బుద్ధుణ్ని పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి. ఆడవాళ్లకూ దీక్ష కావాలని అడిగింది. బుద్ధుడు మొదట కాదన్నాడు. ఆనందుడు వాదించాక ఒప్పుకున్నాడు, కానీ ఎనిమిది షరతులు పెట్టాడని వినయం చెబుతుంది. వాటిలో మొదటిది: నూరేళ్ల కిందట దీక్ష తీసుకున్న భిక్షుణి కూడా, ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకు లేచి నమస్కరించాలి. తర్వాత గౌతమి ఇంకో విన్నపం పంపింది, పెద్దరికం ప్రకారమే ఆడా మగా నమస్కరించుకుంటే సరిపోదా అని. అది సాగలేదు. చూడండి, క్షురకుడి ముందు రాకుమారుణ్ని వంచిన నియమమే అది. ఆ నియమాన్నే ఆడవాళ్ల దగ్గర పక్కన పెట్టారు. కట్టడి చెడ్డది కాదు. దానికి మినహాయింపు పెట్టారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

గుమ్మం దగ్గర ఇంకా మినహాయింపులున్నాయి. బానిసకు దీక్ష లేదు, అప్పుల్లో ఉన్నవాడికి లేదు, రాజు కొలువులో సైనికుడికి లేదు. కుష్ఠు, క్షయ, మూర్ఛ వంటి రోగాలున్నవాళ్లకు లేదు. కాలో చెయ్యో పోయినవాళ్లకు లేదు. వీటికి కారణాలూ రాశారు. జీవకుడనే వైద్యుడు సంఘానికి ఉచితంగా వైద్యం చేస్తుంటే, రోగులు మందు కోసమే దీక్ష తీసుకుని, నయం కాగానే వెళ్లిపోయేవారట. సైనికులను చేర్చుకుంటే రాజుకు కోపం వచ్చేది. కారణాలు ఉన్నాయి, నిజమే. కానీ బయట బతుకు బరువు ఎవరికి ఎక్కువో వాళ్లకే లోపల చోటు లేకుండా పోయింది. గుమ్మం దగ్గర వడకట్టి, లోపలికి వచ్చినవాళ్లను సమానంగా చూశామనడం సగం సమానత్వమే.

నాగార్జునకొండ శాసనాల్లో ఈ లోటు కనబడుతుంది. కట్టించినవాళ్లలో ఆడవాళ్లు ముందు వరుసలో ఉన్నారు. ఆచార్యులుగా పేరు రాసుకున్నవాళ్లు మగవాళ్లు. డబ్బు ఆమెది, పీఠం ఆయనది. కృష్ణకు దిగువన అమరావతిలో మాత్రం ఇంకో రకం ఆధారాలు దొరికాయి. అక్కడి దానశాసనాల్లో భిక్షుణులు చాలామంది ఉన్నారు. ఒక శాసనంలో సముదియ అనే ఉపాధ్యాయిని, ఆమె శిష్యురాలు కనిపిస్తారు. అక్కడే మరో పలక మీద పూర్ణఘటం ఉంది. దాన్ని ఇచ్చినవాడు చర్మకారుడు, ఇతని పేరూ విధికుడే, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు అందరి తరఫునా ఇచ్చుకున్నాడు. తోలుపని చేసే ఇంట్లో ఉపాధ్యాయుడు ఉన్నాడనీ, ఆ ఇంటి కానుక మహాచైత్యం మీద నిలిచిందనీ ఆ రాయి చెబుతోంది. ఈ రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం నడుమ ఉన్నది అమరావతి పూర్ణఘటమే. ప్రభుత్వ కాగితం చేతికొచ్చినప్పుడు ఆ విధికుణ్ని కూడా ఒకసారి తలుచుకోవచ్చు.

తర్వాత చాలా శతాబ్దాలు ఈ సంప్రదాయం మన దగ్గర అణిగిపోయింది. మళ్లీ తలెత్తింది ఆధునిక కాలంలో, అదీ కాలేజీల్లోనే. మద్రాసులో రసాయనశాస్త్రం బోధించిన పోకల లక్ష్మీనరసు 1907లో బౌద్ధసారం మీద ఇంగ్లిష్‌లో పుస్తకం రాశారు. 1948లో అది మళ్లీ అచ్చయినప్పుడు డాక్టర్ అంబేద్కర్ ముందుమాట రాశారు. ఆయన 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాద్‌లో మిళింద కళాశాల నెలకొల్పారు. నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. అంటే దీక్ష కన్నా ముందే కాలేజీలకు బౌద్ధ పేర్లు పెట్టారు.

మిళిందుడి పేరు పెట్టడంలో అర్థం ఉంది. మిళిందుడు యవన రాజు. నాగసేనుడనే భిక్షువుతో వాదానికి దిగాడు. నాగసేనుడు ముందే ఒక షరతు పెట్టాడు: పండితుడిలా మాట్లాడితే సరే, రాజులా అయితే నేను రాను. పండితుల వాదంలో ఓడినవాడు ఒప్పుకుంటాడు, కోపం తెచ్చుకోడు. రాజు మాత్రం ఎదురు చెప్పినవాణ్ని శిక్షిస్తాడు. మిళిందుడు ఒప్పుకున్నాడు. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లే విద్యార్థికి ఈ హామీ ఉందా? ఎదురు ప్రశ్న వేస్తే ఇంటర్నల్ మార్కులు తగ్గవన్న ధీమా ఉందా? కాలేజీ అందరినీ కలుపుకుంటోందో లేదో తేల్చే మొదటి పరీక్ష ఇదేనని నా నమ్మకం.

గౌతమి విన్నపానికి కూడా ఈ కాలంలో కొంత జవాబు దొరికింది. టిబెట్ బౌద్ధంలో పెద్ద పట్టా గెషే. పదిహేడేళ్ల పాఠ్యక్రమం, దాని మీద నాలుగేళ్ల పరీక్షలు. తరతరాలుగా అది మగ భిక్షువులకే. 2012లో నియమం మార్చారు. 2016 డిసెంబరులో కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో దలైలామా చేతుల మీదుగా ఇరవైమంది సన్యాసినులు గెషెమా, అంటే స్త్రీల గెషే పట్టా అందుకున్నారు. ఆడవాళ్లకు అంత తెలివి లేదని ఎన్నాళ్లో చెప్పినవాళ్లు, నియమం మార్చిన నాలుగేళ్లకే ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మెదళ్లేం మారలేదు, తలుపు తెరిచారంతే.

మన చట్టాల్లో కూడా తలుపులు తెరిచి ఉన్నాయి. 2012లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం ఐదు శాతం సీట్లు వాళ్లవి. కాళ్లూ చేతులూ లేనివాళ్లకు విహారం గుమ్మంలోనే అడ్డు చెప్పిన నియమాన్ని మన పార్లమెంటు ఇలా దిద్దింది. ఇంకేం కావాలి అంటారేమో. కాగితం మీది నియమం పంక్తి దాకా రావాలి.

కాబట్టి ఈ ఏడాది పిల్లల్ని కాలేజీకి తీసుకెళ్లే తల్లిదండ్రులకు నాదొక మనవి. ఫీజు, ప్లేస్‌మెంట్లు అడుగుతారు, అడగండి. వాటితో పాటు ఇవి కూడా అడగండి. హాస్టల్ గదులు ఏ లెక్కన ఇస్తారు, పేరు వరుసనా, ఇంటి పేరు చూసా? మెస్సులో అందరూ ఒక్క చోటే తింటారా? ఆడపిల్లలకు గ్రంథాలయం ఎన్నింటికి మూస్తారు, మగపిల్లలకు ఎన్నింటికి? చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడు పై అంతస్తు ల్యాబ్‌కు ఎలా వెళతాడు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే హాల్ టికెట్ ఆపుతారా? ఇంగ్లిష్‌లో అర్థంకాని పాఠాన్ని తెలుగులో మళ్లీ చెప్పేవాళ్లున్నారా? ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు నోటీసుబోర్డు మీద ఉందా? ఎక్కడైనా "మా దగ్గర అంతా సమానమేనండి" అని నవ్వి ఊరుకుంటే, అక్కడ నియమం లేదని లెక్క.

చివరగా ఇంటి పెద్దలకొక మాట. మన పిల్లవాడి గదిలో ఏ కులం వాడో తెలియని ఇంకో పిల్లవాడు ఉంటే మనకు అభ్యంతరం లేదని కాలేజీవాళ్లకు మనమే చెప్పాలి. శాక్య రాకుమారులు ఆ పని చేశారు. తమకన్నా ముందు ఉపాలికి దీక్ష ఇమ్మని తామే అడిగారు. ఎక్కువ ఉన్నవాళ్లు అడిగినప్పుడు నియమం తొందరగా నిలబడుతుంది. లేనివాళ్లు అడిగినా నిలబడుతుంది గానీ, దానికి చాలా పోరాటం, చాలా ప్రాణాలు ఖర్చవుతాయి. ఆ ఖర్చు తగ్గించడం మన చేతుల్లో ఉంది. అడ్మిషన్ ఫారం నింపే రోజునే అది మొదలుపెట్టవచ్చు.